ఫ్యాను తిరిగే గదిలో ఊపిరి లెక్క: వైర్‌లెస్ సెన్సింగ్ ప్రొఫెసర్ కావాలంటే

ప్రశ్న: మాది ఒంగోలు. ఎం.టెక్‌లో కమ్యూనికేషన్స్ చదివి, ఐదేళ్లుగా బెంగళూరులో వై-ఫై చిప్‌ల టెస్టింగ్‌లో పనిచేస్తున్నాను. మారతహళ్లిలో ఉంటాం. నాకు 30 ఏళ్లు, పాపకు మూడు. వై-ఫై సిగ్నల్‌తోనే మనిషి కదలికను, ఊపిరిని పట్టుకోవచ్చని తెలిసినప్పటి నుంచి ఆ వైర్‌లెస్ సెన్సింగ్ మీదే పీహెచ్‌డీ చేసి ఇంజినీరింగ్ ప్రొఫెసర్‌ని కావాలని ఉంది. మావారు సరే అంటున్నారు. మా అత్తయ్యగారు మాత్రం 'నెలనెలా వచ్చే జీతం వదిలేసి ఈ వయసులో మళ్లీ చదువేంటమ్మా' అంటున్నారు. ఉద్యోగం మానేయాలా? ఎక్కడ చేరాలి? ఏమేం కొనాల్సి వస్తుంది? 36 ఏళ్లకు బయటికొస్తే నాకు ఉద్యోగం ఎవరిస్తారు?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: ఉద్యోగం ఇప్పుడే మానకండి. ముందు మూడు నెలల పాటు, రోజుకో గంట కేటాయించి, మీ ఇంట్లోనే ఒక చిన్న ప్రయోగం చేయండి. ఖర్చు రెండు వేల రూపాయలు దాటదు. ఈ రంగంలో ప్రొఫెసర్ రోజూ చేసే పని ఎలా ఉంటుందో అందులో తెలిసిపోతుంది. ఆ పని మీకు నచ్చితే మిగతా దారంతా కష్టమైనా నడవగలిగినదే. నచ్చకపోతే ఐదేళ్లు పోగొట్టుకోకుండా మూడు నెలల్లోనే తేలిపోతుంది.

మీ అత్తయ్యగారి మాటలో న్యాయం ఉంది కాబట్టి ముందు డబ్బు సంగతి చూద్దాం. కేంద్ర సంస్థల్లో పూర్తికాలం పీహెచ్‌డీకి 2023 జనవరి నుంచి ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000. ఐదేళ్లకు లెక్కేస్తే 24 లక్షలు. ఐదేళ్ల అనుభవమున్న చిప్ ఇంజినీరుకు బెంగళూరులో ఏడాదికో, ఏడాదిన్నరకో వచ్చే మొత్తం అది. తర్వాత ఐఐటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్-1గా చేరితే మూలవేతనం 1,01,500తో మొదలవుతుంది, పైన డీఏ, హెచ్‌ఆర్‌ఏ ఉంటాయి. సాంకేతిక విద్య మండలి ఏఐసీటీఈ స్కేలు ఇచ్చే కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700. ప్రైవేటు కాలేజీలు చాలావాటిలో ఆ స్కేలు కాగితం మీదే ఉంటుంది, చేరేముందు జీతం ఎంతో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. మీవారు సరే అన్నారని రాశారు. ఇంటి అద్దె, పాప బడి ఫీజు, ఊరికి పంపే డబ్బు, ఏదైనా లోను ఉంటే దాని ఈఎంఐ, ఇవన్నీ ఒక కాగితం మీద వేసి, ఆయన జీతంతో పాటు 37,000తో ఇల్లు గడుస్తుందో లేదో ఇద్దరూ కూర్చుని చూడండి. ఆ కాగితం అత్తయ్యగారికి కూడా చూపించండి. ఆవిడ అడిగింది లెక్క, లెక్కతోనే జవాబు చెప్పాలి.

ఇక ప్రయోగం. వై-ఫై చిప్ ఉన్న చిన్న ఈఎస్‌పీ32 బోర్డులు రెండు కావాలి, ఒక్కోటి సుమారు ఐదారు వందలు. ఒకటి ప్యాకెట్లు పంపుతుంది, రెండోది అందుకుని చానెల్ స్థితిని, అంటే మీరు ఆఫీసులో సీఎస్ఐ అనే దాన్ని, సీరియల్ పోర్టు ద్వారా ల్యాప్‌టాప్‌కి ఇస్తుంది. ఆ చిప్ కంపెనీయే దీనికి ఉదాహరణ కోడ్ ఉచితంగా ఇస్తోంది. రెండు బోర్డులనూ 3 మీటర్ల దూరంలో, నేల నుంచి మీటరు ఎత్తులో, స్టూళ్ల మీద టేపుతో అంటించండి. చేత్తో పట్టుకుంటే మీ చెయ్యే సిగ్నల్ అయిపోతుంది. వాటిని కలిపే గీతకు అర మీటరు పక్కగా కుర్చీ వేసి మనిషిని కూర్చోబెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం నిడివి 12.5 సెంటీమీటర్లు. ఊపిరికి ఛాతీ 5 మిల్లీమీటర్లు కదిలితే, ఈ అమరికలో పరావర్తనం వచ్చే దారి 3 మిల్లీమీటర్లు మారుతుంది. ఫేజ్‌లో, అంటే తరంగం తన చక్రంలో ఎక్కడుందో చెప్పే కోణంలో, అది 9 డిగ్రీలు. మీరు పట్టుకోవాల్సింది ఈ 9 డిగ్రీలనే.

మొదటి ఇబ్బంది సీరియల్ వేగం దగ్గరే ఎదురవుతుంది. ఒక ప్యాకెట్‌కు 64 సబ్‌క్యారియర్లు (చానెల్‌లోని చిన్న చిన్న ఫ్రీక్వెన్సీ ముక్కలు), ఒక్కోదానికి రెండు అంకెలు, మొత్తం 128. వాటిని అక్షరాలుగా రాస్తే వరుసకు 550 నుంచి 600 బైట్లు అవుతాయి. సెకనుకు 100 ప్యాకెట్లంటే సుమారు 58,000 బైట్లు. డిఫాల్ట్‌గా ఉండే 115200 బాడ్ మీద సెకనుకు 11,520 బైట్లే వెళ్తాయి. మిగతావి చెప్పాపెట్టకుండా రాలిపోతాయి, తెర మీద మాత్రం వరుసలు చకచకా కదులుతూనే కనిపిస్తాయి. అందుకే 921600 పెట్టుకోండి, ప్రతి వరుసలో ప్యాకెట్ వరుస సంఖ్య కూడా రాయించండి. రోజూ ముందుగా చూడాల్సింది ఆ సంఖ్యల్లో ఎన్ని తప్పిపోయాయన్నదే. అపార్ట్‌మెంటులో పక్కిళ్ల రౌటర్లు ఇరవై దాకా కనిపిస్తాయి కాబట్టి 1, 6, 11 చానెళ్లలో ఏది ఖాళీగా ఉందో ఫోన్‌లో చూసుకుని అందులో పెట్టండి. ఎంత చేసినా కొన్ని ప్యాకెట్లు పోతాయి, వచ్చినవి సమాన వ్యవధిలో ఉండవు. వాటిని టైమ్‌స్టాంప్ ఆధారంగా సమాన వ్యవధికి మార్చకుండా నేరుగా ఫ్రీక్వెన్సీ లెక్క కట్టొద్దు.

ఇప్పుడు ఫ్యాను సంగతి. విదేశీ ల్యాబుల పేపర్లలో ఇది దాదాపు కనపడదు, మన ఇళ్లలో తప్పించుకోలేం. ఊపిరి నిమిషానికి 12 నుంచి 20 సార్లు, అంటే 0.2 నుంచి 0.33 హెర్ట్జ్. దీనికి సెకనుకు 20 నమూనాలు చాలనుకుని చాలామంది అక్కడే ఆగుతారు. మూడు రెక్కల ఫ్యాను నిమిషానికి 394 చుట్లు తిరుగుతుంటే రెక్కలు సెకనుకు 19.7 సార్లు ఒకే చోటు దాటుతాయి. సెకనుకు 20 నమూనాలు తీసేవారికి ఆ 19.7 కాస్తా ముడుచుకుని 0.3 హెర్ట్జ్‌గా కనిపిస్తుంది. ఖాళీ గదిలో నిమిషానికి 18 సార్లు ఎవరో చక్కగా ఊపిరి తీస్తున్నట్టు గ్రాఫ్ వస్తుంది! రెగ్యులేటర్ ఒక గడి తిప్పితే ఆ 'మనిషి' మాయమవుతాడు. మందు సులువే: సెకనుకు 100 చొప్పున తీసుకుని, ముందు 1 హెర్ట్జ్ పైనున్నదంతా వడకట్టి, ఆ తర్వాతే సెకనుకు 10కి తగ్గించుకోవాలి. వడకట్టకముందే తగ్గిస్తే దెయ్యం మళ్లీ వస్తుంది. రెక్కలు సమతూకంగా లేని పాత ఫ్యాను మొత్తం ఊగుతుంటుంది. ఆ ఊపు చుట్టుకొకసారి వస్తుంది కాబట్టి అది వేరే గీతగా కనపడుతుంది.

వరుసగా ఐదేసి నిమిషాల రికార్డింగులు తీయండి. ఖాళీ గది ఫ్యాను ఆపి, ఖాళీ గది ఫ్యాను వేసి, మనిషి కూర్చుని ఫ్యాను ఆపి, మనిషి కూర్చుని ఫ్యాను ఒక్కో గడిలో. ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టి నిమిషానికి 15 చొప్పున ఊపిరి తీయమనండి, అదే మీ సరైన జవాబు. ఒక్కోసారి 30 సెకన్ల డేటా తీసుకుని మామూలు ఫ్రీక్వెన్సీ లెక్క కడితే నిమిషానికి 2 ఊపిర్ల తేడా కన్నా నిశితంగా చెప్పలేరు. 60 సెకన్లయితే 1. ఎంత గొప్ప అల్గారిథమ్ పెట్టినా ఈ బేరం పోదు, త్వరగా కావాలంటే ఖచ్చితత్వం తగ్గుతుంది.

కొన్నిసార్లు అన్నీ సరిగ్గానే ఉన్నా ఊపిరి అస్సలు కనపడదు. బోర్డు పాడైందని అనుకోకండి. నేరుగా వచ్చే కిరణం, ఛాతీకి తగిలి వచ్చే కిరణం కలిసే తీరును బట్టి కొన్ని చోట్ల ఆ 9 డిగ్రీల మార్పు తీవ్రతను దాదాపు కదపదు. కుర్చీని అయిదారు సెంటీమీటర్లు జరిపితే ఊపిరి మళ్లీ ప్రత్యక్షమవుతుంది. గదిలో ఇనప బీరువా ఉంటే దాని తలుపు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి తీయండి. అవే బోర్డులు, అదే మనిషి, డేటా పూర్తిగా వేరే. మర్నాడు, వారం తర్వాత అవే కొలతలు మళ్లీ తీయండి. ఏ రోజు ఏం మారిందో ఒక నోటుబుక్కులో తేదీతో రాసుకోండి.

మూడు నెలల తర్వాత ఆ నోటుబుక్కు తిరగేస్తే మీకే తెలుస్తుంది. 'నిన్న వచ్చింది ఇవాళ ఎందుకు రాలేదు' అన్న ప్రశ్న మిమ్మల్ని రాత్రి పదకొండింటికి కూడా లేపి కూర్చోబెట్టిందా, లేక విసుగు పుట్టించిందా? ఈ రంగంలో ప్రొఫెసర్ వృత్తి మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

నోటుబుక్కు మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఈ రంగానికి పెద్ద జబ్బు ఒకటుంది. పది మందిని ఒక హాల్లో కూర్చోబెట్టి తలా గంట డేటా తీస్తారు. దాన్ని 10 సెకన్ల ముక్కలుగా, ఒక్కో ముక్క పక్కదానితో 5 సెకన్లు పంచుకునేలా కోస్తారు. ముక్కలన్నీ కలిపేసి, యాదృచ్ఛికంగా 80 శాతం శిక్షణకు, 20 శాతం పరీక్షకు పంచుతారు. పరీక్షలో ఉన్న ప్రతి ముక్కకూ సగం తోబుట్టువు శిక్షణలో దాదాపు ఖాయంగా ఉంటుంది. మోడల్ నేర్చుకున్నది మనిషి కదలికను కాదు, ఆ హాలును, ఆ రోజును, ఆ కుర్చీ ఉన్న చోటును. 98 శాతం వచ్చిందని పేపర్ రాస్తారు. ఇల్లు అలకగానే పండగ కాదు కదా. పక్క గదికి మారిస్తే ఆ అంకె నిలవదు. పంపకం మనిషి వారీగా ఉండాలి, గది వారీగా ఉండాలి, రోజు వారీగా ఉండాలి. శిక్షణలో లేని మనిషి, లేని గది, లేని రోజు మీద వచ్చిన అంకెనే ముందు రాయాలి, అది 71 అయినా సరే. 71 ఎందుకొచ్చిందో చెప్పగలిగితే అదే థీసిస్‌లో ఒక అధ్యాయం అవుతుంది. 98 మీద కట్టిన థీసిస్ తర్వాతి ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే కూలుతుంది.

అందుకే గైడ్‌ని ఎంచుకునేటప్పుడు పేపర్ల లెక్క కన్నా ఈ సంగతి చూడండి. వారి గత ఐదేళ్ల పేపర్లలో డేటాను ఎలా పంచారో మెథడ్స్ భాగంలో ఉంటుంది. కోడ్, డేటా బయట పెట్టారా? విద్యార్థులు ఎన్నేళ్లలో పూర్తిచేశారు, ఇప్పుడు ఎక్కడున్నారు? ల్యాబులో మూడో ఏడాదో నాలుగో ఏడాదో చదువుతున్నవారితో క్యాంటీన్‌లో, గైడ్ లేనప్పుడు, అరగంట మాట్లాడండి. 'పరికరం పాడైతే బాగుచేయించడానికి ఎన్ని రోజులు పడుతుంది' అని అడిగితే ఆ ల్యాబు ఎలా నడుస్తుందో తెలిసిపోతుంది.

బెంగళూరులో ఉన్నారు కాబట్టి ఐఐఎస్‌సీలో ఈసీఈ, డీఈఎస్ఈ (ఎలక్ట్రానిక్ సిస్టమ్స్ ఇంజినీరింగ్) విభాగాలు, సైబర్-ఫిజికల్ సిస్టమ్స్ కేంద్రం చూడండి. ఎలక్ట్రానిక్ సిటీలో ఐఐఐటీ-బెంగళూరు ఉంది. చెన్నైకి మారగలిగితే ఐఐటీ మద్రాస్ ఎలక్ట్రికల్ విభాగం, గిండీలో అన్నా యూనివర్సిటీ. తరమణిలోనే యాంటెన్నాలు, విద్యుదయస్కాంత కొలతలు చేసే సమీర్ కేంద్రం, ఐఐటీ రీసెర్చ్ పార్క్‌లో వైర్‌లెస్ ప్రమాణాల మీద పనిచేసే సీవిట్ ఉన్నాయి. ఏటా జనవరిలో బెంగళూరులో కమ్యూనికేషన్ నెట్‌వర్కుల మీద కామ్స్‌నెట్స్ సదస్సు జరుగుతుంది. దరఖాస్తు పెట్టకముందే ఒకసారి వెళ్లి పోస్టర్ల దగ్గర నిలబడండి. గైడ్ కాబోయేవారు తమ విద్యార్థి తప్పుని నలుగురిలో ఎలా సరిదిద్దుతారో అక్కడ చూడొచ్చు, ఇది వెబ్‌సైట్‌లో దొరికేది కాదు.

ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీ చేసే ఎక్స్‌టర్నల్ రిజిస్ట్రేషన్ ఐఐఎస్‌సీలో, ఐఐటీ మద్రాస్‌లో ఉంది. జీతం ఆగదు కాబట్టి ఇంట్లో వాళ్లకు ఇదే నచ్చుతుంది. మీ విషయంలో మాత్రం ఒక చిక్కు ఉంది. మీరు వై-ఫై చిప్‌ల కంపెనీలో ఉన్నారు, పరిశోధనా వై-ఫై మీదే. మీ ఆలోచన ఎవరి ఆస్తి అన్న ప్రశ్న తప్పక వస్తుంది. కంపెనీ ఇచ్చే అనుమతి పత్రంలో పేపర్లు ప్రచురించుకోవచ్చని, కంపెనీ పరిశీలనకు గరిష్ఠంగా ఎన్ని రోజులు పడుతుందో, థీసిస్ మీద హక్కు ఎవరిదో స్పష్టంగా రాయించుకోండి. అది లేకపోతే సదస్సు గడువు నాడు మీ పేపర్ లీగల్ విభాగం బల్ల మీద ఉంటుంది. పైగా రోజుకు తొమ్మిది గంటలు టెస్టింగ్, తర్వాత పాప, ఆ తర్వాత మిగిలే సమయంలో మనుషుల మీద ప్రయోగాలు సాగవు. ప్రొఫెసర్ కావడమే లక్ష్యమైతే పూర్తికాలమే మా సలహా. ఉద్యోగంలో ఎదగడానికి పీహెచ్‌డీ కావాలనుకునేవారికి ఎక్స్‌టర్నల్ బాగుంటుంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గరిష్ఠంగా 6 ఏళ్లు, ఆపైన పొడిగింపులో మహిళలకు ప్రత్యేక సడలింపు ఉంది. ప్రసూతి లేదా పిల్లల సంరక్షణకు మొత్తం 240 రోజుల వరకు సెలవు పెట్టుకోవచ్చు. ఐఐటీలకు, ఐఐఎస్‌సీకి సొంత నిబంధనలు ఉంటాయి, చేరేముందు అకడమిక్ విభాగంలో అడిగి కాపీ తీసుకోండి.

మీకో పెద్ద అనుకూలత ఉంది, దాన్ని తక్కువగా చూడకండి. రిసీవర్ సిగ్నల్ బలాన్ని తనంతట తానే సర్దుకునే ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్ ఒక గడి మారితే తీవ్రత ఎలా గెంతుతుందో, పంపేదానికీ అందుకునేదానికీ గడియారాలు కలవకపోతే ఫేజ్ ఎలా తిరిగిపోతుందో ఐదేళ్లు కళ్లారా చూశారు. కంప్యూటర్ సైన్స్ వైపు నుంచి వచ్చినవారు ఆ గెంతులను మనిషి కదలికే అనుకుని మోడల్‌కి నేర్పిస్తుంటారు. వై-ఫైలో సెన్సింగ్‌నే ప్రమాణంగా మార్చే 802.11బీఎఫ్ పని 2020లో మొదలై 2025లో ప్రమాణంగా వెలువడింది. ఆ పత్రం చదివి అర్థం చేసుకోగల నేపథ్యం మీది. మీకు తగ్గేది గణితం కావచ్చు. కోర్సుల్లో రాండమ్ ప్రాసెసెస్, డిటెక్షన్ అండ్ ఎస్టిమేషన్, మ్యాట్రిక్స్ థియరీ, యాంటెన్నాల కోర్సు ఒకటి తప్పకుండా తీసుకోండి. డీప్ లెర్నింగ్ ఎలాగూ నేర్చుకుంటారు.

ల్యాబుకు ఏం కొనాలన్నారు. పీహెచ్‌డీలో మీ జేబులోంచి ఏదీ కొనక్కర్లేదు, కానీ ఏది దేనికో తెలిసి ఉండాలి. చాలా పేపర్లకు ఆధారమైన ఇంటెల్ 5300 కార్డు సీఎస్ఐ టూల్ 2011 నాటిది, 30 సబ్‌క్యారియర్లే ఇస్తుంది. కొత్త ల్యాప్‌టాపుల్లో దాన్ని నిలబెట్టడం పెద్ద తలనొప్పి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద, దాని వై-ఫై చిప్ సాఫ్ట్‌వేర్‌ను మార్చే నెక్స్‌మాన్ ప్యాచ్‌తో 80 మెగాహెర్ట్జ్ వెడల్పు దాకా తీయొచ్చు. ఏదైనా సరే, వై-ఫైకి ఒక పరిమితి ఉంది. దూరాన్ని విడదీసే శక్తి బ్యాండ్‌విడ్త్ మీద ఆధారపడుతుంది. 20 మెగాహెర్ట్జ్‌కు అది 7.5 మీటర్లు, అంటే గదంతా ఒకే ముద్ద, ఫ్యాను, ఛాతీ, బీరువా అన్నీ అందులోనే. 4 గిగాహెర్ట్జ్ వెడల్పున్న మిల్లీమీటర్ తరంగాల రాడార్‌కు అది 3.75 సెంటీమీటర్లు. ఫ్యాను ఒక గడిలో, ఛాతీ ఇంకో గడిలో పడతాయి. 77 గిగాహెర్ట్జ్ దగ్గర ఛాతీ ఒక్క మిల్లీమీటరు కదిలితే ఫేజ్ సుమారు 185 డిగ్రీలు మారుతుంది. గుండె కొట్టుకునే అర మిల్లీమీటరు లోపు కదలిక కూడా అందుతుంది.

అందుతుందంటే సులువని కాదు. ఊపిరి 0.3 హెర్ట్జ్ అయితే దాని మూడో హార్మోనిక్, అంటే మూడు రెట్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే ప్రతిధ్వని లాంటిది, 0.9 దగ్గర పడుతుంది, గుండె 1 హెర్ట్జ్ దగ్గరుంటుంది. ఊపిరి బలం ఎక్కువ కాబట్టి దాని నీడ గుండె మీద పడుతుంది, నిమిషానికి 54 అని తప్పుడు అంకె వస్తుంది. రాడార్ తీసే ఒక ఫ్రేముకూ (ఒక విడత కొలతకూ) ఇంకో ఫ్రేముకూ మధ్య ఛాతీ 1 మిల్లీమీటరు కన్నా ఎక్కువ జరిగితే ఫేజ్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్క తప్పుతుంది. మామూలు ఊపిరికి సెకనుకు 20 ఫ్రేములు సరిపోతాయి, 5 సరిపోకపోవచ్చు. దగ్గు వస్తే అవీ చాలవు, ఆ ముక్కను పారేయాలి. ఫ్యాను గాలికి చీర కొంగు రెపరెపలాడితే అది ఛాతీ ఉన్న గడిలోనే కనపడుతుంది. హాస్టల్ కుర్రాళ్లు టీ-షర్టులతో కూర్చుని ఇచ్చిన డేటాలో ఈ సమస్య ఎప్పటికీ తెలియదు.

రాడార్ బోర్డు కొనేటప్పుడు ముడి డేటా పట్టే క్యాప్చర్ కార్డు కూడా బడ్జెట్‌లో పెట్టాలి. బోర్డు కన్నా దాని ధరే ఎక్కువ ఉండొచ్చు. అది లేకపోతే బోర్డు మామూలుగా బిందువుల గుంపునే ఇస్తుంది, గుండె పనికి కావాల్సిన ముడి ఫేజ్ చేతికి రాదు. నాలుగు రిసీవర్లు, చిర్ప్‌కు (రాడార్ ఒకసారి పంపే తరంగానికి) 256 నమూనాలు, ఫ్రేముకు 128 చిర్ప్‌లు, సెకనుకు 20 ఫ్రేములు పెడితే సెకనుకు 10.5 మెగాబైట్లు, గంటకు సుమారు 38 గిగాబైట్లు. పది మంది తలా గంట అంటే 380 గిగాబైట్లు. డిస్కులు ముందే కొనకపోతే నాలుగో రోజు పాత డేటా చెరిపేస్తారు, అది మళ్లీ రాదు.

అనుమతుల మాట. మన దేశంలో 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు, ఆర్ఎఫ్ఐడీకి వాడే 865–868 మెగాహెర్ట్జ్, నిర్ణీత పవర్ పరిమితుల్లో లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. 60 గిగాహెర్ట్జ్ సోలీ రాడార్ ఉన్న పిక్సెల్ 4 ఫోను 2019లో ఇక్కడ విడుదల కాలేదు, ఆ బ్యాండ్‌కు అనుమతి లేకపోవడమే కారణమని అప్పట్లో వార్తలొచ్చాయి. 60, 77 పరిసరాల్లో ఏ బోర్డు తెప్పించాలన్నా ముందు టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ నిబంధనలు చూసి, అవసరమైతే సంస్థ పేరున ప్రయోగ లైసెన్సు తీసుకోవాలి. పరికరం కస్టమ్స్‌లో ఆగిపోయాక కదిలితే అప్పటికే సెమిస్టర్ అయిపోతుంది. మనుషుల మీద కొలతలకు సంస్థాగత ఎథిక్స్ కమిటీ ఆమోదం డేటా తీయకముందే ఉండాలి. తీశాక తెచ్చుకునేది చెల్లదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చదవండి. సమ్మతి పత్రం పాల్గొనేవారికి వచ్చిన భాషలో ఉండాలి, బెంగళూరులో కన్నడ, తెలుగు, తమిళం, హిందీ అన్నీ అవసరపడతాయి. గోడ అవతలి మనిషిని కూడా వై-ఫై పట్టగలదు కాబట్టి, పక్క గదిలో ఉన్నవారు సమ్మతి ఇవ్వలేదన్న సంగతి దరఖాస్తులో మీరే ముందు ప్రస్తావించి, దానికి ఏం చేస్తారో రాయండి. కమిటీ కోసమని కాదు, అది నిజంగా పట్టించుకోవాల్సిన విషయం.

ప్రయోగం రోజున చిన్న పని ఒకటి. రాడార్ ల్యాప్‌టాప్ గడియారం, సరిచూసుకోవడానికి మనిషికి కట్టే ఊపిరి కొలిచే ఛాతీ బెల్టు గడియారం వేర్వేరుగా నడుస్తాయి. 50 పీపీఎం (పది లక్షలకు 50 వంతులు) తేడా ఉంటే గంటకు 0.18 సెకను జారతాయి. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి పాల్గొనేవారిని 10 సెకన్లు ఊపిరి బిగబట్టమనండి. రెండు రికార్డుల్లోనూ ఆ చదును భాగం కనిపిస్తుంది, దాన్ని బట్టి రెంటినీ కలపొచ్చు.

ఇక 36 ఏళ్ల ప్రశ్న. ఐఐటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్-1కి పీహెచ్‌డీ, పీహెచ్‌డీ కాలం కాకుండా 3 ఏళ్ల అనుభవం అడుగుతారు. మీ ఐదేళ్ల కంపెనీ పని సంబంధించినదేనని చూపించుకోవచ్చు, లెక్కలోకి తీసుకోవడం సెలక్షన్ కమిటీ ఇష్టం. అనుభవం తక్కువైతే గ్రేడ్-2లో కాంట్రాక్టు మీద తీసుకుంటారు. కొన్ని ప్రకటనల్లో 35 లోపు అయితే మేలని రాస్తారు, మహిళలకు సడలింపు ఉంటుంది. అది అభిలషణీయమే గాని అడ్డుగోడ కాదు. ప్రారంభ దశ అధ్యాపకులకు, పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్ఆర్ఎఫ్ ఇచ్చే ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరియర్ రీసెర్చ్ గ్రాంటుకు వయోపరిమితి 42. మీకు చోటుంది. పీహెచ్‌డీ తర్వాత ఒకటి రెండేళ్లు పోస్ట్‌డాక్ చేయాల్సి రావచ్చు, పాప అప్పటికి మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో ఉంటుంది. విదేశమే వెళ్లాలని లేదు, కానీ గైడ్ చేసిన అంశానికి పక్కనున్న అంశంలో చేయాలి. లేకపోతే ఇంటర్వ్యూలో 'ఇందులో మీ సొంతం ఏది' అన్న ప్రశ్నకు జవాబు ఉండదు.

ప్రైవేటు కాలేజీ అయితే మూడు సంగతులు అడగండి. వారానికి బోధన గంటలు ఎన్ని, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నిబంధన 16. మొదటిసారి చెప్పే సబ్జెక్టుకు ఒక్కో క్లాసుకు ఆరేడు గంటల తయారీ పడుతుంది, కాబట్టి రెండు కొత్త సబ్జెక్టులిస్తే ఆ సెమిస్టరు ల్యాబు తాళం తీయరు. పీహెచ్‌డీ విద్యార్థులకు కాలేజీ స్టైఫండ్ ఇస్తుందా? గ్రాంటు వస్తే పరికరం ఎన్ని నెలల్లో కొంటారు? అడ్మిషన్ల సీజన్‌లో ఊళ్లు తిరిగే డ్యూటీ ఉందా అన్నది కూడా మొహమాటపడకుండా అడగండి.

పైన చెప్పిన ఏఎన్ఆర్ఎఫ్ గ్రాంటు 3 ఏళ్లకు 60 లక్షల వరకు వస్తుంది. ఒక జేఆర్ఎఫ్‌కు (జూనియర్ రీసెర్చ్ ఫెలోకు) రెండేళ్లు నెలకు 37,000, మూడో ఏడు 42,000 చొప్పున 13.92 లక్షలు, బెంగళూరు, చెన్నైల్లో 30 శాతం హెచ్‌ఆర్‌ఏ కలిపితే సుమారు 18.1 లక్షలు. ఇద్దరిని పెట్టుకుంటే 36 లక్షలు పోయాయి. మిగిలిన దాంట్లో పరికరాలు, ప్రయాణాలు, పాల్గొనేవారికి ఇచ్చే దారి ఖర్చులు. కొత్తవారు పరికరానికే 40 లక్షలు రాసి, దాన్ని నడిపే మనిషి లేక మూతపెట్టి ఉంచుతారు. మీరు మనుషులకే ముందు రాయండి. ఖరీదైన స్పెక్ట్రమ్ అనలైజర్ వారానికి రెండు రోజులు పక్క ల్యాబు నుంచి అడిగి తెచ్చుకోవచ్చు.

ప్రొఫెసర్ ఉద్యోగం రాకపోయినా ఈ చదువు వృథా పోదు. బెంగళూరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985 నుంచీ ఉంది, సీవీ రామన్ నగర్‌లో డీఆర్‌డీవో వారి రాడార్ల సంస్థ ఎల్ఆర్‌డీఈ ఉంది. మన తిరుపతి దగ్గర గాదంకిలో 1,024 యాంటెన్నాలతో 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఎంఎస్‌టీ రాడార్ ఆకాశంలో గాలుల కదలికను కొలుస్తోంది. మీ పడకగదిలో ఛాతీ కదలికను పట్టే డాప్లర్ లెక్కే అక్కడా.

ఐఐఎస్‌సీలో ఆగస్టు ప్రవేశాలకు దరఖాస్తులు సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో తీసుకుంటారు, ఐఐటీ మద్రాస్‌లో ఏడాదికి రెండు విడతలు. మూడు నెలల నోటుబుక్కు చేతిలో ఉంటే పర్పస్ స్టేట్‌మెంట్‌లో రాయడానికి మీ సొంత మాట ఉంటుంది.

ఇంటి ప్రయోగానికి కావాల్సిన బోర్డులకు, బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్‌పీ రోడ్డుకు శనివారం వెళ్లండి, ఆదివారం చాలా దుకాణాలు మూసే ఉంటాయి. బోర్డు మీదే గీసిన యాంటెన్నా ఉన్నది కాకుండా, బయట యాంటెన్నా తగిలించే కనెక్టర్ ఉన్న ఈఎస్‌పీ32 '32యూ' రకం అడగండి, రెండు చిన్న యాంటెన్నాలు కూడా తీసుకోండి. యూఎస్‌బీ కేబుల్ డేటా వెళ్లేదేనా అని అక్కడే ల్యాప్‌టాప్‌కి పెట్టి చూసుకోండి. చార్జింగుకే పనికొచ్చే కేబుల్ అంటగడితే బోర్డు లైటు వెలుగుతుంది, పోర్టు మాత్రం కనపడదు.